ఆనవాలు లేని ప్రేమలు

ఈ ఎండాకాలం నేను ఎనిమిది ప్రేమ నవలలు, ఆరు పిల్లల డిటెక్టివ్ నవలలు చదివాను. అన్నీ ఇంగ్లీషువే, దాదాపు అన్నీ ఈ పది పన్నెండేళ్ళలో వచ్చినవే. ప్రేమ నవలలు హైదరాబాదులో ఉండే మా పిన్ని కూతురి కిండిల్ ఈ-పుస్తకాల ఖాతాలోవి. పిల్లల నవలలు మా అన్నయ్య భువనేశ్వర్ వెళ్ళినప్పుడల్లా కూతురికని తెచ్చినవి. మేనకోడలికి పదకొండేళ్ళు. చదవడం పూర్తికాగానే పుస్తకం తెచ్చి నా మంచం మీద పడేస్తుంది. "అత్తా, సగం పుస్తకంలోపు హంతకుడెవరో చెప్పకపోతే నువ్వు ఓడిపోయినట్టే" అని పందెం.

మొన్న పిన్ని కూతురు ఫోన్ చేసి, "నలభై ఆరేళ్ళొచ్చాక పిల్లల పుస్తకాలేంటక్కా? నేను పంపినవి ఎలా ఉన్నాయో చెప్పు" అంది. "నీవి చదువుతుంటే నిద్ర వస్తోంది, దానివి చదువుతుంటే నిద్ర పట్టట్లేదు" అన్నాను. సరదాగానే అన్నాను గానీ అది నొచ్చుకుంది. ప్రేమ నవలలంటే అందరికీ లోకువేనని, నువ్వూ ఆ మందలోనే చేరావని దులిపేసింది. ఆ పూట నాకు సరిగ్గా జవాబు తోచలేదు. తోచాక రాస్తున్నాను. నాకు ప్రేమ నవలలంటే లోకువ లేదు. ఈమధ్య వచ్చేవాటిలో ఇద్దరు ప్రేమించుకుంటున్నారని రచయిత చెప్తే నమ్మాలే తప్ప, వాళ్ళు ఒకరినొకరు చూసుకున్న ఆనవాలు దొరకడం లేదు. అదొక్కటే నా ఫిర్యాదు.

పెన్సిలుతో రాసిన పేరు

చివరికి ఇద్దరూ ఒకటవుతారని ముందే తెలిసిన కథ ఎందుకు చదవాలి అనేవాళ్ళ పక్షాన నేను లేను. అమెరికాలో ప్రేమ నవలా రచయితల సంఘం తన నిర్వచనంలోనే రెండు షరతులు పెట్టింది. కథకు కేంద్రం ప్రేమే కావాలి, ముగింపు మనసుకు తృప్తినిచ్చి ఆశ మిగల్చాలి. డిటెక్టివ్ కథ సంగతీ అంతేగా, దొంగ దొరికి తీరాలి. విస్తరి ముందు కూర్చున్నవాడికి చివర్లో పెరుగన్నం వస్తుందని తెలుసు. అందుకని పప్పు వద్దంటాడా?

ఒడిశాలోని మా పర్లాకిమిడిలో నా చిన్నప్పుడు నవలలు అద్దెకిచ్చే కొట్టొకటి ఉండేది. కిళ్ళీ బడ్డీకి ఎక్కువ, పుస్తకాల షాపుకి తక్కువ. ఒక వరసలో ఆరడుగుల హీరోలు, పడవంత కార్లు ఉండే నవలలు. ఇంకో వరసలో డిటెక్టివ్ యుగంధర్, గూఢచారి షాడో. ఒకసారి నేను తెచ్చుకున్న డిటెక్టివ్ నవల మొదటి పేజీలోనే ఎవడో పెన్సిలుతో "హంతకుడు డాక్టరు" అని రాసి పెట్టాడు. ఏడుపొచ్చినంత పనైంది. అద్దె డబ్బులు కట్టేశాను కాబట్టి వదలబుద్ధి కాలేదు. నవల ఆసాంతం ఆ డాక్టరు మీదే కన్నేసి చదివాను. వాడు చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నాడు, ఎవరు పిలవకుండా వచ్చాడు, ఏ మాటకి దగ్గాడు, అన్నీ లెక్కపెట్టాను. తీరా చూస్తే హంతకుడు డాక్టరు కాదు. పెన్సిలు వాడు అబద్ధం రాశాడు!

ఆ నవల పేరు గుర్తులేదు, ఆ డాక్టరు మాత్రం ఇప్పటికీ గుర్తున్నాడు. ముగింపు తెలుసనుకున్నప్పుడే మనిషిని ఎక్కువ శ్రద్ధగా చూస్తాం. ప్రేమ నవలకి ఇది గొప్ప సౌకర్యం కావాలి. వీళ్ళిద్దరికీ పెళ్ళవుతుందని తెలిశాక ఇక నా పనంతా ఎలా, ఎక్కడ, ఏ మాట దగ్గర అని చూడటమే. చూడటానికి అక్కడ ఏదో ఒకటి ఉండాలి మరి.

78 శాతం

ఇప్పటి ప్రేమ నవలలు పచ్చడి సీసాల్లాగా పైన చీటీ అంటించుకుని వస్తున్నాయి. శత్రువులు ప్రేమికులవుతారు అని ఒక చీటీ. ఉత్తుత్తి ప్రేమ నిజమవుతుంది అని ఇంకోటి. వానలో చిక్కుకుంటారు, హోటల్లో ఒకే గది, గదిలో ఒకే మంచం అని మరోటి. చెల్లి నాకు పుస్తకం పంపేటప్పుడు పేరుకంటే ముందు ఆ చీటీ పేరే చెప్తుంది. ఆవకాయ అని రాసి ఉంటే లోపల ఆవకాయే ఉండాలి, అందులో తప్పేమీ లేదు. కానీ చీటీ ఉంది కదా అని కారం వేయడం మానేస్తే ఎలా?

ఆలీ హేజల్‌వుడ్ రాసిన 'ద లవ్ హైపాథిసిస్' 2021లో వచ్చింది. స్టార్ వార్స్ సినిమాల అభిమానులు సరదాగా రాసుకునే కథల్లోంచి పుట్టి నవలైంది. ఆలివ్ అనే పిల్ల స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేస్తుంటుంది. తనకి వేరే ప్రేమ ఉందని స్నేహితురాలిని నమ్మించడానికి ఎదురుగా వస్తున్న ఆడమ్ అనే ప్రొఫెసర్‌ని ముద్దు పెట్టేసుకుంటుంది. ఆ పుస్తకంలో నాకు బాగా నచ్చింది మొదటి నాలుగు పేజీలు. గడువు తీరిపోయిన కాంటాక్ట్ లెన్సులు పెట్టుకుని, కళ్ళు మండి నీళ్ళు కారుతుంటే ఆ పిల్ల బాత్రూంలో నిలబడి ఉంటుంది. ఎవరో ఒకతను వచ్చి రెండు మంచి మాటలు చెప్తాడు. ఆమెకి అతని మొహం కనపడదు, మాటలు మాత్రం గుర్తుండిపోతాయి. ఎంత మంచి ఎత్తుగడ! ఒక మనిషిని చూడకుండానే గుర్తుపెట్టుకోవడం. ఇక్కణ్ణుంచి కథ ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. కానీ ఆ తర్వాత పుస్తకమంతా అతను ఎంత ఎత్తున్నాడు, భుజాలు ఎంత వెడల్పు, మొహం ఎంత ముటముటలాడుతూ ఉంది అన్న కొలతలే. మా ఊళ్ళో టైలరు కూడా ఒక మనిషిని అన్నిసార్లు కొలవడు.

ఇందులో మాత్రం కొత్తవాళ్ళనే ఆడిపోసుకోవడం అన్యాయం. మా అమ్మ తరం వారపత్రిక సీరియళ్ళలో హీరో కారు దిగినప్పుడల్లా ఒక పేరా కారుకీ, ఒక పేరా చొక్కాకీ పోయేది. అమ్మ నవ్వుకుంటూనే వచ్చే వారం కోసం ఎదురుచూసేది.

నాకు విసుగు పుట్టించేది అసలు ఇంకోటి. ఇప్పటి నాయికా నాయకులు తమ గురించి తామే కౌన్సెలర్ల భాషలో రిపోర్టు ఇచ్చేస్తారు. "నాకు చిన్నప్పుడు ఇలా జరిగింది కాబట్టి నేను మనుషుల్ని దగ్గరికి రానివ్వను" అని ఆమె చెప్తుంది. "నాకూ అలాంటిదే జరిగింది కాబట్టి అర్థం చేసుకోగలను" అని అతను చెప్తాడు. అంతా వాళ్ళే చెప్పేశాక చదివేవాడికి కనిపెట్టడానికి ఏం మిగిలింది? దొంగ మొదటి పేజీలోనే స్టేషనుకొచ్చి వాంగ్మూలం ఇచ్చినట్టుంటుంది. చివర్లో తప్పనిసరిగా ఒక తగువు. కిండిల్ అడుగున చదివిన శాతం కనిపిస్తుంది కదా, ఒక నవలకి 78 దగ్గర "ఇంకో పది నిమిషాల్లో వీళ్ళు పోట్లాడుకుంటారు" అని మేనకోడలితో అన్నాను. 81లో పోట్లాడుకున్నారు. ఒక్క ఫోన్ కాల్‌తో తేలిపోయే తగువు. మా వీధిలో అయితే ఈపాటికి పక్కింటావిడ మధ్యలో దూరి ఇద్దరికీ తలో నాలుగు చీవాట్లు పెట్టి కలిపేసేది.

నచ్చినవి లేకపోలేదు. ఎమిలీ హెన్రీ 'బీచ్ రీడ్' (2020) నచ్చింది. జాన్యువరీ ప్రేమ కథలు రాస్తుంది, గస్ బరువైన నవలలు రాస్తాడు. మిషిగన్ సరస్సు ఒడ్డున పక్క పక్క ఇళ్ళు. నీ తరహా నేను రాస్తాను, నా తరహా నువ్వు రాయి అని పందెం వేసుకుంటారు. తండ్రి చనిపోయాకే ఆమెకి ఆయన దాచిన ఇంకో సంబంధం సంగతి తెలిసింది. ఆమె ఉంటున్న ఇల్లు కూడా ఆ రహస్యంలో భాగమే. గస్ తన నవల కోసం ఒక మతబృందంలోంచి బయటపడ్డవాళ్ళని కలవడానికి వెళ్తూ ఆమెనీ తీసుకెళ్తాడు. అక్కడ అతను పనిచేసే తీరు ఆమె చూస్తుంది. ఎదుటివాళ్ళని ఏం అడుగుతున్నాడు, ఎక్కడ ఊరుకుంటున్నాడు అని. నాకు ఆ ప్రేమ మీద నమ్మకం కుదిరింది అక్కడే, ముద్దుల దగ్గర కాదు. మనిషిని పనిలో ఉండగా చూడాలి. మా నాన్న గుణుపురం రైల్లో టికెట్లు తనిఖీ చేస్తుండగా చూసి పెళ్ళికి ఒప్పుకున్నానని అమ్మ అంటుంది. ఆ చిన్న రైలు వేగం మనిషి నడకలాగే ఉండేది కాబట్టి చూడటానికి కావలసినంత టైము దొరికిందట.

శవం మాయమైన చోట

ఎనిమిది నుంచి పన్నెండేళ్ళ పిల్లల కోసం రాసే పుస్తకాలకి ఇంగ్లీషులో వేరే అర, వేరే అవార్డులు ఉన్నాయి. నేను చదివిన ఆరింట్లో రాబిన్ స్టీవెన్స్ 'మర్డర్ మోస్ట్ అన్‌లేడీలైక్' (2014) ముందు చెప్పాలి. 1934లో ఇంగ్లండ్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్ స్కూలు. డైసీ వెల్స్ అనే దొరసాని పిల్ల, హాంగ్‌కాంగ్ నుంచి వచ్చిన హేజల్ వాంగ్ కలిసి ఇద్దరే సభ్యులుగా డిటెక్టివ్ సంఘం పెట్టుకుంటారు. డైసీ ప్రెసిడెంటు, హేజల్ సెక్రటరీ. ఒకరోజు జిమ్‌లో సైన్సు టీచర్ శవం హేజల్ కంట పడుతుంది. డైసీని వెంటబెట్టుకుని తిరిగొచ్చేసరికి శవం లేదు. చెప్తే ఎవరు నమ్ముతారు?

కథ చెప్పేది హేజల్. డైసీ చురుకైనది, అందమైనది, అన్నీ తనకే తెలుసనుకుంటుంది. హేజల్ పరాయి దేశపు పిల్ల కావడంతో అక్కడివాళ్ళకి మామూలైపోయినవి కూడా ఆమెకి కొట్టొచ్చినట్టు కనపడతాయి. ఏ మాట ఎవరితో అనకూడదు, ఏ తిండి తిన్నట్టు నటించాలి, ఎవరు నవ్వితే నవ్వాలి అన్నీ చూసి నేర్చుకోవాల్సి రావడమే ఆమెని మంచి డిటెక్టివ్‌ని చేసింది. 1936లో ఒడిశాలో కలిసిన ఊళ్ళో తెలుగువాళ్ళుగా పుట్టినవాళ్ళకి ఇది వివరించక్కర్లేదు. స్కూల్లో ఒడియా, ఇంట్లో తెలుగు, ఐదారు కిలోమీటర్లు వెళ్ళి ఆంధ్రాలోని పాతపట్నంలో దిగితే "మీది ఒడిశా యాసండీ" అన్న మాట. చిన్నప్పటి నుంచీ ఎదుటివాళ్ళ మొహం చూసి భాష మార్చడం మాకు అలవాటే.

అయితే ఆ పుస్తకంలో నేను అసలు చదివింది హత్య గురించి కాదు. హేజల్‌కి డైసీ అంటే ప్రాణం, డైసీ మీద పీకల దాకా కోపం కూడా. స్నేహితురాలు ఎప్పుడు అబద్ధమాడుతోందో, ఎప్పుడు భయపడి ధైర్యం నటిస్తోందో హేజల్ ఒక్కొక్కటీ నోటుబుక్కులో రాస్తుంది. ఇద్దరు మనుషుల మధ్య ఇష్టం ఇంత నిశితంగా ఎనిమిది ప్రేమ నవలల్లోనూ దొరకలేదంటే చెల్లికి కోపం వచ్చింది.

షార్నా జాక్సన్ 'హై-రైజ్ మిస్టరీ' (2019)లో లండన్‌లో ఒక ఎత్తైన అపార్ట్‌మెంట్ బిల్డింగు, నిప్పులు చెరిగే ఎండలు, నిక్, నోర్వా అనే అక్కచెల్లెళ్ళు. హత్య అనుమానం తిరిగి తిరిగి వాళ్ళ నాన్న మీదికే వస్తుంది. నాన్న అలాంటివాడు కాదని మనసుకి తెలుసు. తెలిస్తే చాలదు, చూపించాలి. కేట్ మిల్‌ఫర్డ్ 'గ్రీన్‌గ్లాస్ హౌస్' (2014) ఇంకా నిదానంగా నడుస్తుంది. మంచు కురిసి దారులు మూసుకుపోయిన సత్రం, అందులో ఒక్కొక్క అతిథి రాత్రిపూట ఒక్కొక్క కథ చెప్తాడు. పెంపుడు కొడుకు మైలో ఆ కథల్లోంచి ఎవరు ఎవరో పట్టుకోవాలి. మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గర్ అవార్డు వచ్చిన పుస్తకం. నాకు మధ్యలో కొంచెం సాగింది, మేనకోడలికి సాగలేదు.

ఈ పుస్తకాల్లోనూ తలనొప్పులున్నాయి. పెద్దవాళ్ళందరూ మొద్దులు, పోలీసులు మరీ మొద్దులు. శవం దొరికిన సాయంత్రమే పిల్లలు కేకులు తింటారు. చనిపోయిన మనిషి కోసం ఎవరూ ఏడవరు. డైసీ, హేజల్ సిరీస్ 2020 నాటికి తొమ్మిది నవలలు అయింది. వీళ్ళు ఎక్కడికి వెళ్తే అక్కడ ఒక చావు. మా అమ్మ విని, "ఆ గుంటలకి ముందు శాంతి చేయించాలి" అంది.

కాలిన్స్ ఏం వరస?

మేనకోడలు ఇంగ్లీషు, ఒడియా గడగడా చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గానీ అక్షరాలు కూడబలుక్కోవాలి. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్ళో ఈ పరిస్థితి. మా చిన్నప్పుడు తెలుగు 'చందమామ', ఒడియా 'జహ్నమాము' రెండూ ఒకే బొమ్మలతో వచ్చేవి. ఒకటి చదివి బొమ్మ చూసి రెండోది కూడబలుక్కునేవాళ్ళం. బేతాళ కథల్లో ప్రశ్న అడిగాక విక్రమార్కుడు జవాబు చెప్పేలోపు పేజీ మీద చెయ్యి పెట్టి, మేమే ముందు చెప్పాలని ఆరాటం. చదివేవాడికి ఆధారాలన్నీ ముందే ఇవ్వాలి, దాచకూడదు అని ఇంగ్లీషు రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాసిపెట్టాడు. బేతాళుడు ఆ మర్యాద ఎప్పటి నుంచో పాటిస్తున్నాడు. ఇప్పుడు పదేళ్ళ పిల్లకి తెలుగులో ఒక మంచి మిస్టరీ నవల కొనిద్దామంటే మా అన్నయ్య చేతికి తగలడం లేదు.

కాబట్టి కరెంటు పోయిన రాత్రులు డాబా మీద నేనే తెలుగులో చెప్తాను. చెప్పడం మొదలుపెట్టాక తెలిసింది, ఇంగ్లీషు ఎన్ని దాచగలదో. 'కజిన్' అని రాసి ఊరుకుంటాడు రచయిత. నేను తెలుగులో బావ అనాలా, అన్న అనాలా? 'అంకుల్' అంటే మేనమామా, బాబాయా? ఒకసారి పొరపాటున మేనమామ అన్నాను. "అయితే వాళ్ళమ్మ తరఫు. తాతగారి ఆస్తి ఈయనకి రాదు. ఈయన్ని లిస్టులోంచి కొట్టెయ్" అని మేనకోడలు చీకట్లోంచి తీర్పు చెప్పింది.

జేన్ ఆస్టిన్ రాసిన 'ప్రైడ్ అండ్ ప్రెజుడిస్' చెప్పిన రోజైతే కథ ముందుకే సాగలేదు. ఐదుగురు ఆడపిల్లలు, తండ్రి ఆస్తి మగ సంతతికే పోతుంది, అందుకని కాలిన్స్ అనే కజిన్‌కి దక్కుతుంది, అతను ఎలిజబెత్‌ని చేసుకుంటానని వస్తాడు అన్నాను. అమ్మ విసనకర్ర ఆపింది.

"కజిన్ అంటే ఏటే? మేనత్త కొడుకా?"

"కాదమ్మా. ఆస్తి అటు పోతోందంటే దాయాది అయ్యుంటాడు."

"దాయాదంటే అన్నో, బాబాయో అవుతాడు కదే! అన్న వచ్చి చెల్లిని చేసుకుంటానన్నాడా? ఛీ ఛీ, ఆపెయ్యి ఆ కథ!"

కాలిన్స్‌ని ఎలిజబెత్ తిప్పికొట్టిందని చెప్పాకే అమ్మ శాంతించింది. అతన్ని తిప్పికొట్టడానికి ఇంతకంటే బలమైన కారణం ఆ రచయిత్రికి కూడా తోచి ఉండదు.

1813 నాటి ఆ నవలని నేను ప్రేమ కథల్లో మొదటి డిటెక్టివ్ కథ అంటాను. పెళ్ళికి ఎలిజబెత్ కాదన్న డార్సీ, మర్నాడు ఒక ఉత్తరం చేతికిచ్చి వెళ్ళిపోతాడు. ఎలిజబెత్ ఆ ఉత్తరాన్ని పట్టుకుని రెండు గంటలు తోవలో తిరుగుతూ మళ్ళీ మళ్ళీ చదువుతుంది. డార్సీ అన్యాయం చేశాడని చెప్పుకున్న విక్హమ్ అనే సైనికాధికారి తన కష్టాలన్నీ మొదటి పరిచయంలోనే ఒక కొత్త మనిషికి ఎందుకు చెప్పుకున్నాడు? అది అప్పుడే తనకెందుకు తట్టలేదు? మనకీ తట్టలేదు. ఆధారం మాత్రం మన కళ్ళముందే ఉంది. తర్వాత డార్సీ బంగళా పెంబర్లీలో ఇంటి వ్యవహారాలు చూసే పెద్దావిడ సాక్ష్యం. ఇలా ఒక్కొక్కటీ పోగేసుకున్నాకే ఆమె ప్రేమిస్తుంది. ఇప్పటి నవల అయితే డార్సీ ఎత్తుతోనే సగం పని అయిపోయేది.

ఆనవాలు అన్న మాట మనకి రెండు చోట్లా పనికొస్తుంది, దొంగని పట్టుకోవడానికీ, ప్రేమని రుజువు చెయ్యడానికీ. సీతమ్మ హనుమంతుడికి చూడామణి ఇచ్చి ఊరుకోలేదు. కాకి తనని పొడిచిన సంగతి, రాముడు తన చెంపమీద తిలకం దిద్దిన సంగతి, ఇద్దరికే తెలిసినవి ఏరి చెప్పి పంపింది. నగ ఎవరైనా ఎత్తుకుపోవచ్చు, ఆ కాకి సంగతి ఎత్తుకుపోలేరు. ప్రేమ నవల చదివినప్పుడల్లా నేను వెతికేది ఆ కాకి కోసమే. వీళ్ళిద్దరికీ మాత్రమే తెలిసింది ఏమిటి?

చెప్పే భాషలో కూడా ఆనవాలు ఉంటుంది. తెలుగులో మీరు నుంచి నువ్వుకి దిగిన క్షణం ఎవరూ డప్పు మోగించి చెప్పక్కర్లేదు. ఒడియాలో ఇంకో మెట్టు ఎక్కువ, ఆపణ, తుమే, తు. మా ఆఫీసులో ఒక అబ్బాయి, అమ్మాయి రెండేళ్ళు ఆపణ అనుకున్నారు. ఒక మధ్యాహ్నం స్టేప్లర్ ఇమ్మని అడుగుతూ ఆ అబ్బాయి తుమే అన్నాడు. ఎవరూ తలెత్తలేదు గానీ అందరికీ వినపడింది. ఇంగ్లీషు రచయితలకి ఈ సౌకర్యం లేదు పాపం, అందుకే అన్ని భుజాలు కొలుస్తారేమో.

ముగ్గు కేసు

అసలు పిల్లల పుస్తకాలు నేనెందుకు పట్టుకున్నానో చెప్పాలి.

మొన్నటి మార్గశిరంలో జరిగింది. మా వీధిలో ఒడియావాళ్ళు గురువారాలు బియ్యప్పిండితో ఝోటి వేస్తారు, మేం ముగ్గు వేస్తాం, మా అమ్మ రెండూ వేస్తుంది. ఆమె పదిహేను చుక్కల ముగ్గు వేస్తే తొక్కడానికి పాలవాడు కూడా జంకుతాడు. ఆ నెలలో ముగ్గు ఏడు చుక్కలకి తగ్గింది. తర్వాత ఐదు. "ఈమధ్య బద్ధకం ఎక్కువైందమ్మా నీకు" అన్నాను నేను. అన్నయ్య చలి కదా అన్నాడు.

ఒక ఆదివారం మేనకోడలు లాంగ్ నోటుబుక్ తెచ్చి నా ముందు పెట్టింది. ఇంగ్లీషు, తెలుగు కలగలిపిన రాత. ముగ్గులో గీత చుక్కల పక్కనుంచి పోతోంది, చుట్టూ తిరగట్లేదు. సీరియల్లో ఎవరొచ్చారో నానమ్మ గొంతు విన్నాకే చెప్తోంది. కూరగాయలామెకి ఇరవై అనుకుని రెండువందలు ఇచ్చింది, ఆవిడ మంచిది కాబట్టి తిరిగిచ్చింది. బియ్యం ఏరమని నాకిస్తోంది. వీధి దీపం చుట్టూ రంగులున్నాయంది. కింద గీత కొట్టి, "నానమ్మకి కళ్ళు కనపడట్లేదు. దాచిపెడుతోంది." ఇంకా కింద, "మోటివ్: నాన్న ఇంటి లోను గురించి ఫోన్‌లో అరిచాడు, నానమ్మ విన్నది."

ఆ ముగ్గు మీంచి రోజూ ఆఫీసుకి వెళ్ళింది నేను.

ఇదంతా చెల్లికి ఫోన్‌లో చెప్పాను, నా వాదన గెలిచిందన్నట్టు. అది కాసేపు మాట్లాడలేదు. "అది పుస్తకాల వల్ల కాదక్కా. పిల్ల రాత్రిళ్ళు నానమ్మ పక్కన పడుకుంటుంది. నువ్వు పడుకోవు" అంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు. తర్వాత ఇంకో మాట అంది. "నిన్ను అనుక్షణం గమనించే మనిషితో కాపురం చేసి చూడు. ఎక్కడికెళ్ళావు, ఎవరు ఫోన్ చేశారు, చీర ఎందుకు మార్చావు. వాడి దగ్గర కూడా నోటుబుక్కు ఉంటుంది. నాకు రాత్రి పదింటికి లాప్‌టాప్ మూశాక భుజాలు వెడల్పుగా ఉండి, ఏమీ అడగని హీరో చాలు." అది ఎందుకలా అందో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఆ మాట నన్ను చాలా రోజులు తినేసింది. నిజమే, మేనకోడలి నోటుబుక్కులో నా పేజీ కూడా ఉంది. "అత్త డైట్ అంది. డబ్బాలో జంతికలు పొద్దున 14, సాయంత్రం 9." నవ్వాను గానీ ఒళ్ళు మండింది. అదే పేజీలో ఇంకో రెండు సంగతులున్నాయి, వాటికి నవ్వు రాలేదు. గమనించడమంటే ప్రేమే అని నేను గట్టిగా అనలేను ఇక. అయినా గమనించకుండా ప్రేమ ఉందంటే నమ్మను. కాపలా కాసేవాడికి తను ముందే అనుకున్న నేరానికి రుజువు కావాలి. ఎలిజబెత్ ఉత్తరం మళ్ళీ చదివింది తన తప్పు పట్టుకోవడానికి. చెల్లితో ఇలా అంటే, "ఇది బాగానే ఉంది, కానీ నాకు నిద్రొస్తోంది" అని పెట్టేసింది. వచ్చే నెలకి ఇంకో మూడు పంపుతానంది. చీటీలు చూశాను. ఒకే మంచం ఒకటి, ఉత్తుత్తి ప్రేమలు రెండు. చదువుతాను.

అమ్మకి మాఘమాసంలో ఒక కంటికి శుక్లం తీశారు. మర్నాడు పట్టీ విప్పి ఇంటికి తీసుకొచ్చాం. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని వీధి గదిలో కూర్చుని మేనకోడలి మొహం దగ్గరగా చూసింది, నా మొహం చూసింది. మేం ఏదో అంటుందని కాచుకుని ఉన్నాం. ఆమె తల పైకెత్తి నాలుగు మూలలా చూసింది.

"ఏటే, ఇల్లంతా ఇంత బూజు పట్టిపోతే ఒక్కరూ చూడలేదేటి?"

మేనకోడలు నోటుబుక్కు తెరిచింది. నేను బూజుకర్ర కోసం వెళ్ళాను.